ఎర్ర గుంపు కనబడితే గాలం చుట్టేయండి!

చెరువుల్లోకి కొత్త నీళ్లు వచ్చాయంటే చాలు, ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో సగానికి సగం ఒకటే ప్రశ్న. ‘మా ఊరి చెరువులో నీళ్ల మీద కుంకుమ చల్లినట్టు ఎర్రగా చేపపిల్లల గుంపు తిరుగుతోంది. దాని కింద పెద్ద కొర్రమీను ఉంటుందంటారు. ఏ ఎర వేస్తే పడుతుంది?’ ఆళ్లగడ్డ నుంచి ఒకరు, ప్రొద్దుటూరు నుంచి ఇద్దరు, బద్వేలు నుంచి డిగ్రీ చదివే కుర్రాడు ఒకడు... ఈసారి అందరూ అడిగింది ఇదే.

జవాబు ముందే చెప్పేస్తాను. ఏ ఎర వేసినా పడుతుంది. ఎర లేని ఉత్త గాలానికి ఎర్ర గుడ్డపీలిక కట్టి వేసినా పడొచ్చు. అందుకే వేయొద్దంటున్నాను.

‘గాలం గురించి రాస్తూ గాలం వేయొద్దంటాడేమిటి?’ అని విసుక్కోకండి. కొర్రమీనును ఎప్పుడు, ఎలా పట్టాలో కూడా ఈ వారమే చెబుతాను. దానికంటే ముందు ఆ ఎర్ర గుంపు సంగతి తేల్చుకోవాలి.

గుంపు కింద ఏముంది?

కొర్రమీను గుడ్లు పెట్టేది లోతు నీళ్లలో కాదు. వాన నీళ్లకు కొత్తగా మునిగిన గట్టు పక్కన, తుంగా జమ్ము మధ్యలో, మోకాలి లోతు కూడా లేనిచోట. ఆడా మగా కలిసి కసువును పక్కకు తోసి, పళ్లెమంత ఖాళీ చేసుకుంటాయి. గుడ్లు అక్కడే పైకి తేలుతాయి. తేనె రంగులో, ఆవాలకంటే చిన్నగా ఉంటాయి. ఒకటి రెండు రోజుల్లో పిల్లలవుతాయి. కొద్ది రోజులకు ఆ పిల్లలు ఎర్రబడి, వందలూ వేలుగా ఒకే ముద్దగా తిరగడం మొదలుపెడతాయి. మనకు కనబడేది అప్పుడే.

పిల్లలు మాటిమాటికీ పైకి వస్తాయి. కారణం, కొర్రమీను ఒక్క మొప్పలతోనే బతకలేదు. తల లోపల గాలి పట్టే గది ఒకటుంటుంది. నీటి పైకి వచ్చి ఒక గుక్క గాలి మింగి వెళ్లాల్సిందే. గుంపు మొత్తం ఒకేసారి పైకి వచ్చినప్పుడు నీళ్ల మీద చిరుజల్లు పడ్డట్టు చిటపటలాడుతుంది. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది కానీ, ఆ చిటపటే దాని ఆనవాలు. కొంగకు, బుడుంగు పిట్టకు, లకుముకికి, జెల్లకు, నీళ్లపాముకు... గట్టు మీద గాలం పట్టుకుని నిల్చున్న మనకు కూడా.

ఇన్ని నోళ్ల మధ్య ఆ పిల్లలు బతుకుతున్నాయంటే కింద కాపలా ఉండబట్టి. మనవాళ్లు ‘తల్లి’ అంటారు కానీ కాపలా తల్లిదండ్రులు ఇద్దరిదీ, అందులోనూ ఎక్కువ వంతు మగదానిదే. నెల రోజులకు అటూ ఇటూగా, పిల్లలు రంగు మారి పచ్చబడి రెండంగుళాలయ్యేదాకా అది గుంపును వదలదు. దగ్గరకు ఏది వచ్చినా కొడుతుంది. అది ఆకలి కాదు, కోపం. గుంపు మధ్యలో కప్పపిల్లను వేసినా, రబ్బరు కప్పను వేసినా మింగడానికి రాదు. అవతలికి విసిరికొట్టడానికి నోటితో పట్టుకుంటుంది. గాలం అప్పుడే దిగుతుంది. ఆకలి లేకపోతే తప్పించుకునే చేప, పిల్లలుంటే తప్పించుకోలేదు.

దీన్ని గొప్ప వేట అని చెప్పుకునేవాళ్లున్నారు. నా లెక్కలో అది వేటే కాదు. చేప ఎక్కడుందో అదే చూపిస్తోంది, ఏం వేసినా కొడుతోంది. ఇక మన నేర్పు ఏముంది? నంద్యాల వైపు పాతకాలం వేటగాళ్లు ఇదే సంగతిని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ‘పిల్లలకోడిని ఎవురన్నా కోస్తారా అబ్బీ?’

కాపలా పోయాక ఏమవుతుందో చూడాలంటే ఎక్కువ సేపు పట్టదు. పరకలు, జెల్లలు మొదట అంచుల నుంచి లాగుతాయి. గుంపు విడిపోతుంది. విడిపోయిన పిల్లకు దిక్కు తెలియదు. ఒక కిలో చేప కోసం వేల పిల్లలు పోయినట్టు. వేలల్లో అన్నీ పెద్దవవుతాయా అంటే, కావు. కాపలా ఉన్నా నూటికి ఏ కొన్నో మిగులుతాయి. కాపలా లేకపోతే ఆ కొన్నీ మిగలవు.

బొచ్చె పిల్లలు కొనుక్కోవచ్చు, మరి దీనికి?

ఇది కోనసీమలో రాస్తే ఇంత పట్టుబట్టేవాణ్ణి కాదేమో. అక్కడ ఏడాదంతా నీళ్లుంటాయి. మనది కర్నూలు, కడప. ఏడాది మొత్తం మీద 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూ పడే వాన. అదీ తొలకరిలో కాదు. ఉత్తర, హస్త కార్తెల్లో పడితే పడినట్టు, కడప తూర్పు భాగానికైతే నవంబరు తుపాన్లే దిక్కు. పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు లక్షణాలనూ, ఉండకూడని ఆరు దోషాలనూ అందులో చెక్కించారు. నీళ్లు ఎంత కరువైతే చెరువు మీద అంత శ్రద్ధ! ఆ కరువే మన చేపలకూ ఉంది. మన చెరువుల్లో చాలావాటికి మే నెల వచ్చేసరికి బురద గుంటలే మిగులుతాయి.

ఇప్పుడు అసలు విషయం. చెరువులో బొచ్చె, రోహు, మోసు... ఇవన్నీ ఒకరు తెచ్చి వదిలినవి. వరద నీటి ఒరవడి లేకపోతే అవి గుడ్లు పెట్టవు, నిలవ నీళ్ల చెరువులో పిల్లలు చేయవు. అందుకే పూర్వం నదుల్లో పిల్లల్ని ఏరి తెచ్చేవారు. 1957లో కటక్‌లో హీరాలాల్ చౌదరి పీయూష గ్రంథి సారం ఎక్కించి వాటి చేత గుడ్లు పెట్టించాక కథ మారింది. ఇప్పుడు హేచరీ నుంచి పాలిథిన్ సంచుల్లో పిల్లలు వస్తాయి, చెరువులో గుమ్మరిస్తారు. ఏటా కొనడం, ఏటా వదలడం, ఏటా పట్టడం. చేపల పెంపకానికి మన సీమ కొత్తది కూడా కాదు. మద్రాసు రాష్ట్రంలో ప్రభుత్వం 1911లోనే చేపల క్షేత్రం పెట్టింది మన కర్నూలు పక్కన సుంకేసులలోనే.

కొర్రమీను లెక్క వేరు. మన ఊరి చెరువులో సాధారణంగా దాన్ని ఎవరూ తెచ్చి వదలరు. అది తనంతట తానే ఉండాలి. ఎండాకాలంలో బురదలోకి దూరి, తడి ఆరకుండా ఉంటే గాలి పీల్చుకుంటూ వారాల తరబడి బతికి, వాన పడగానే పైకి వచ్చి, గడ్డిలోకి పోయి, గుడ్లు పెట్టాలి. నీళ్లు ఎండని ఒక పాతబావి గుంటలోనో, వంక మడుగులోనో మిగిలిన రెండు మూడు జంటలే మళ్లీ చెరువును నింపాలి. బొచ్చెను పట్టేస్తే పోయేది డబ్బు, మళ్లీ కొనుక్కోవచ్చు. పిల్లలున్న కొర్రమీనును పట్టేస్తే ఆ ఏడాది పంటే పోయింది.

బజారులో బొచ్చె ధరకు రెండు మూడు రెట్లు పెట్టి కొనుక్కునే చేప ఇది. ముళ్లు తక్కువ, బాలింతలకు మంచిదని పేరు. హైదరాబాదులో మృగశిర కార్తెనాడు బత్తిని కుటుంబం వేసే చేప మందులో నోట్లో వేసేది కొర్రమీను పిల్లనే. తెలంగాణ 2016లో దీన్నే తమ రాష్ట్ర చేపగా ప్రకటించుకుంది. ఇంత గిరాకీ ఉన్న చేప మన చెరువుల్లో ఊరికే పుడుతుంటే, పుట్టకుండా చేసుకోవడం ఏం తెలివి?

‘మేం వదిలేస్తే ఇంకొకడు పట్టడా?’

పడతాడు. కాదనను. కానీ మన చెరువుల లెక్క చిన్నది. ఒక కుంటలో కనబడే గుంపులు ఒకటో రెండో, మహా అయితే నాలుగు. నలుగురు గాలం వేసేవాళ్లలో ఇద్దరు ఆగినా సగం గుంపులు గట్టెక్కుతాయి. పెద్ద సముద్రంలో ఒక్కడు ఆగితే ఏమీ కాదు, ఊరి చెరువులో అవుతుంది.

‘ఎండాకాలంలో సంఘం వాళ్లు వలేసి ఊడ్చేస్తారు కదా’ అన్నది రెండో మాట. వలకు బొచ్చె పడినట్టు కొర్రమీను పడదు. వల కింద బురదలోకి జారిపోతుంది, లేదా పైనుంచి దూకేస్తుంది. ఎంత ఊడ్చినా కొన్ని మిగులుతాయి. గుంపు మీద వేసిన గాలానికి ఆ మిగులు కూడా ఉండదు. అన్నట్టు, చెరువు గుత్తకు తీసుకున్న మత్స్యకారుల సంఘం అనుమతి లేకుండా ఏ చెరువులోనూ గాలం వేయకండి. అడిగితే చాలామంది సరేనంటారు. రిజర్వాయర్లయితే మత్స్యశాఖ లైసెన్సు సంగతి ముందు కనుక్కోండి. శ్రీశైలం వెనుక జలాల్లో పులుల అభయారణ్యం వైపు అటవీశాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టొద్దు. పైగా అక్కడ మొసళ్లున్నాయి.

బయటి దేశాల్లో ఈ పట్టింపు మనకంటే గట్టిగా ఉంది. ఇంగ్లండులో నదుల మీద మార్చి 15 నుంచి జూన్ 14 దాకా మామూలు చేపలకు గాలం వేయకూడదు. గుడ్లు పెట్టే కాలం కాబట్టి సెలవు. కెనడాలోని ఒంటారియోలో బాస్ అనే చేప ఉంది. మన కొర్రమీనులాగే మగది గూడు కాస్తుంది, దగ్గరకు వచ్చినదాన్ని కొడుతుంది. అక్కడ చాలాచోట్ల జూన్ మూడో నాలుగో వారం వరకూ దాన్ని పట్టడానికి వీల్లేదు. ఇక తమాషా ఏమిటంటే, కొర్రమీను కుటుంబంలోదే ఒక చైనా జాతి అమెరికాలోని మేరీల్యాండ్‌లో ఒక కుంటలో 2002లో బయటపడితే, అది ఎక్కడ దేశమంతా పాకుతుందోనని కుంటకే మందు పోసి చంపారు. కనబడితే వదలొద్దని ఇప్పటికీ గాలం వేసేవాళ్లకు చెబుతుంటారు. ఆ కాపలాయే అక్కడివాళ్లకు భయం. మనకు అదే వరం.

మనకు అలాంటి తేదీల చట్టం అక్కర్లేదు, అమలు చేసేవాడూ దొరకడు. వాన ఏ కార్తెలో వస్తుందో తెలియని సీమలో తేదీ పెట్టడం కూడా కుదరదు. ఎర్ర గుంపు కనబడిన రోజు నుంచి నెలన్నర ఆ మూలకు పోకుండా ఉంటే చాలు. ఊళ్లో పిల్లలకు కూడా చెప్పండి. వాళ్లే ముందు చూసేది.

మరి ఈ నెలన్నర ఏం చేయాలి?

చేతులు కట్టుకుని కూర్చోమనడం లేదు. బొచ్చె, రోహు, మోసు, బంగారుతీగ ఎన్నైనా ఉన్నాయి. వీటికి మన ఇంటి ఎరను మించింది లేదు. రాత్రి మిగిలిన రాగి సంగటి. చల్లారిన ముద్దలో పిడికెడు బుడ్డల చెక్క పొడి, కాస్త గోధుమ పిండి కలిపి పిసకండి. నీళ్లలో వేస్తే ఐదు నిమిషాలు విడిపోకూడదు, పది నిమిషాలకు విడిపోవాలి. అదీ పదును. ముందు రోజు సాయంత్రం నిమ్మకాయంత ఉండలు పది పదిహేను ఒకేచోట వేసి రండి. పొద్దున్నే అదే చోట గాలానికి గోళీకాయంత ముద్ద పెట్టండి. చేపకు ముందు మేత అలవాటు చేయడం కొత్త విద్యేం కాదు. కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు పన్నెండో శతాబ్దంలో రాయించిన ‘మానసోల్లాసం’లో మత్స్యవినోదం అని ఒక భాగమే ఉంది. సుమారు 35 రకాల చేపలు, ఏ చేపకు ఏ మేత, గాలంతో ఎలా పట్టాలి అన్నీ అందులో ఉన్నాయి.

బెండు ఎంత ఎత్తున కట్టాలన్నది చాలామంది పట్టించుకోరు. బొచ్చె పై నీళ్లలో మేస్తుంది. దాని నోరు చూడండి, పైకి తిరిగి ఉంటుంది. మూడు నాలుగడుగుల లోతు చాలు. రోహు నడిమి నీళ్లలో. మోసు, బంగారుతీగ అడుగున. ఒకే ముద్ద పెట్టి పక్కవాడికి పడి మీకు పడలేదంటే చాలాసార్లు తేడా బెండులోనే ఉంటుంది.

పిల్లలతో పోతే జిలేబి చేపలు. 1952లో మన దేశానికి తెచ్చిన ఈ ఆఫ్రికా చేప ఇప్పుడు లేని చెరువు లేదు. ఎర్ర ముక్క, చిన్న గాలం చాలు. ఎన్ని పట్టినా తప్పులేదు. అదీ గూడు కట్టి పిల్లల్ని నోట్లో పెట్టుకుని కాస్తుంది కదా అని ఎవరైనా అడగొచ్చు. కాస్తుంది. అందుకే అది మన చెరువులన్నీ ఆక్రమించింది. దానికి మన దయ అక్కర్లేదు.

ఇక ఆఫ్రికా క్యాట్‌ఫిష్. దీని పెంపకాన్ని కేంద్రం 2000లోనే నిషేధించింది. అయినా చాటుగా పెంచినవి గండ్లు పడి, మరవలు పారి వంకల్లోకి వచ్చేశాయి. కొర్రమీను పిల్లలకు దీనికి మించిన శత్రువు లేదు. మీ గాలానికి కిలో దాటిన మార్పు పడితే అది నాటు మార్పు అయ్యే అవకాశం చాలా తక్కువ. దాన్ని తిరిగి నీళ్లలో వదలకండి. జాలిపడి వదిలేసేవాళ్లను చూశాను. అది ఆ చెరువులో ఉన్న మిగతా చేపల మీద జాలి కాదు.

వరద తగ్గి నీళ్లు తేటపడ్డాక వాలుగ. గాజులదిన్నె, ఔకు, వెలుగోడు, మైలవరం, బ్రహ్మసాగర్, అట్లూరు ఒంటిమిట్టల వైపు సోమశిల వెనుక జలాలు... లోతు నీళ్లున్న రిజర్వాయర్లన్నిట్లో దీన్ని వెతకొచ్చు. పొద్దు గుంకే వేళ చచ్చిన పరక గానీ కోడిపేగులు గానీ అడుగున వేయండి. పళ్లు దారాన్ని కోసేస్తాయి కాబట్టి గాలానికి పైన జానెడు స్టీలు తీగ తప్పనిసరి.

కొర్రమీనుకు అసలు కాలం

జనవరి నుంచి ఏప్రిల్. నీళ్లు తగ్గి, తుంగ అంచు తేలి, పిల్లలు విడిపోయి, చేప నిజంగా ఆకలితో ఉండే రోజులు. ఉదయం ఎండెక్కే లోపు, మళ్లీ సాయంత్రం నాలుగు దాటాక.

ముందు అరగంట గాలం వేయకండి, చూడండి. కొర్రమీను గాలికి పైకి వస్తుందని చెప్పాను కదా. చిన్న బుడుంగు శబ్దం, ఒక సుడి, అంతే. వచ్చిన చోటికే కొద్ది నిమిషాల తర్వాత మళ్లీ వస్తుంది. ఆ చోటు గుర్తుపెట్టుకోండి. గాలం దాని నెత్తిన వేయకూడదు. రెండు మూరలు అవతల వేసి, మెల్లగా ఆ చోటు మీదుగా తీసుకురండి. తెల్లచొక్కా వద్దు, నీడ నీళ్ల మీద పడకూడదు, గట్టు మీద అడుగులు చప్పుడు కాకూడదు. చూపు కన్నా ముందు అదురు తెలుస్తుంది దానికి.

వెదురు బొంగుతో వేసేవాళ్లయితే పన్నెండడుగుల గట్టి బొంగు, అర మిల్లీమీటరు తంగూసు దారం, ఎరగా బతికిన పరక. దారం మరీ పొడుగు వద్దు, తుంగలో చుట్టేస్తుంది. రీలు ఉన్నవాళ్లయితే ఏడడుగుల గట్టి రాడ్డు, ముప్పై నలభై పౌండ్ల అల్లిక దారం, రబ్బరు కప్ప. నా ఓటు రబ్బరు కప్పకే. తామరాకుల మీదుగా గెంతించినా ఆకులకు తగులుకోదు. గాలం గొంతులోకి దిగదు, పెదవికే పడుతుంది కాబట్టి చిన్న చేపను ప్రాణాలతో వదలొచ్చు. బతికిన కప్పల్ని గుచ్చే అలవాటు మానేయండి. బోదురు కప్ప వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తుంది, చేలో పురుగుల్ని తినేదీ అదే.

నీళ్లు పగిలినట్టు కొడుతుంది. ఆ చప్పుడుకే చాలామంది గుంజేస్తారు, కప్ప ఒక్కటే వెనక్కి ఎగిరొస్తుంది. ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టండి. బరువు చేతికి తెలిశాక గుంజండి. గుంజాక ఆగొద్దు. ఒక్క క్షణం వదిలినా తుంగ మొదట్లోకి పోయి కూర్చుంటుంది, దారం తెంపుకోవడమే.

జానాబెత్తెడు లేని చేపను వదిలేయండి. అది ఇంకా ఒక్కసారైనా పిల్లలు చేసి ఉండదు. పట్టేటప్పుడు చేతులు తడుపుకోండి, మొప్పల్లో వేళ్లు పెట్టకండి. ఇంకో సంగతి. ఇంటికి బతికించి తీసుకుపోవాలనుకుంటే బక్కెట నిండా నీళ్లు పోసి మూత బిగించకండి. గాలి అందకపోతే ఇది నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది. అడుగున రెండంగుళాల నీళ్లు, పైన తడి గోనెసంచి చాలు. వలసంచిలో వేసి పూర్తిగా ముంచి ఉంచినా అంతే, తీసేసరికి వెల్లకిలా తేలుతుంది.

మే నెలలో చెరువు గుంటలకు దిగినప్పుడు మాత్రం మళ్లీ ఆగమంటాను. మడుగులో మిగిలినవి వచ్చే ఏటి విత్తనాలు. పది పట్టగలిగినచోట రెండు పట్టండి.

మందు, కరెంటు

మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెన్రీ సలివన్ థామస్ అనే దొర మన దక్షిణాది చెరువుల్లో గాలం వేయడం మీద 1887లో ‘ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా’ అని ఒక పుస్తకమే రాశాడు. నీళ్లలో విషం కలిపి చేపలు పట్టడాన్ని ఆయన ఆనాడే తిట్టిపోశాడు. భారత మత్స్య చట్టం 1897లో వచ్చింది. నీళ్లలో తోటాలు పేల్చడం, మందు కలపడం అందులోనే నేరం. నూట పాతికేళ్లు దాటినా వంకల్లో పురుగుమందు డబ్బాలు తేలుతూనే ఉన్నాయి. ఇప్పుడు బ్యాటరీ, ఇన్వర్టరు మోసుకుని కరెంటు పెట్టేవాళ్లు తయారయ్యారు. ఆ మడుగులో పశువులు తాగుతాయి, పిల్లలు ఈదుతారు. చూస్తే ఫొటో తీసి మత్స్యశాఖకో పోలీసులకో ఇవ్వండి. ఒంటరిగా ఎదురు పడకండి.

మీ ఉత్తరాలు

కె.సి. కాలువలో గాలం ఎక్కడ వేయాలి? (మైదుకూరు నుంచి ఇంజినీరింగ్ విద్యార్థి)

నీళ్లు నిండుగా పారేటప్పుడు వేయకండి. 1860లలో సాగుకూ, పడవలు నడపడానికీ కలిపి తవ్విన కాలువ ఇది. ఆనాటి లాకుల కింద, వంతెనల కింద నీళ్లు ఆపాక గుంటలు నిలుస్తాయి. అప్పుడు అక్కడ వేయండి. సిమెంటు వేసిన గట్టు నాచు పట్టి సబ్బులా ఉంటుంది, జారితే పట్టుకోవడానికి ఏమీ దొరకదు. ఇద్దరు లేనిదే పోకండి. ఒక తాడు తీసుకెళ్లండి. గాలం రాయికి తగులుకుంటే దారం కోసేయండి. పది రూపాయల గాలం కోసం నీళ్లలోకి దిగకండి.

కార్బన్ రాడ్డు కొన్నాను. చెరువు కట్ట మీద కరెంటు తీగలు కిందికి వేలాడుతున్నాయి. ప్రమాదమా? (డోన్)

చాలా ప్రమాదం. కార్బన్ కరెంటును లాక్కుంటుంది. మోటార్లకు లాగిన తీగల కింద రాడ్డు ఎత్తకండి, మడిచి నడవండి. మబ్బు పట్టి ఉరుము వినబడగానే రాడ్డు కింద పెట్టి కట్ట దిగిపోండి. చెట్టు కింద నిలబడకండి.

గాలానికి తాబేలు పడింది. ఏం చేయాలి? (రాజంపేట)

వదిలేయాలి. నీటి తాబేళ్లకు చట్టం గట్టి రక్షణ ఇచ్చింది, ఇంటికి తెస్తే కేసు. గాలం పెదవికే ఉంటే శ్రావణంతో ముల్లు నొక్కి తీయండి. లోపలికి దిగితే లాగకుండా దారాన్ని నోటి దగ్గర కోసి వదలండి. వేళ్లు జాగ్రత్త, పట్టిందంటే అంత సులువుగా వదలదు.

ఎర్ర గుంపు ఉన్న మూలకు పోవద్దన్నారు. అదే చెరువులో అవతలి గట్టున సంగటితో బొచ్చెకు వేయొచ్చా? (కోవెలకుంట్ల)

వేయొచ్చు. బెండు మూడడుగుల లోతున కట్టుకోండి. తుంగకు పాతిక అడుగులు ఎడంగా కూర్చోండి.